ఏడాది క్యాలెండర్ మూడో నెలకే మూలపడుతోంది, మీ స్కౌట్ ట్రూప్‌లో ఎలా వేస్తున్నారు?

గుడారం_మేకు
కొత్త ఏడాది ప్లాన్ వేయాలి, కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు. పోయిన ఏడాది నేనూ మా అసిస్టెంటూ రెండు ఆదివారాలు కూర్చుని 48 మీటింగులకి 48 గళ్లు నింపాం. ఏ వారం ఏ ముడి, ఏ వారం ఏ ఆట, ఏ నెల హైక్, అన్నీ రంగులు వేసి ప్రింట్ తీసి గోడకి అంటించాం. పిల్లలు 26 మంది, 10 నుంచి 15 ఏళ్ల వాళ్లు, నాలుగు పెట్రోల్స్, అంటే ఆరేడుగురి చిన్న జట్లు. రెండు నెలలు బండి బాగానే నడిచింది. మూడో నెలలో హాలు రెండు వారాలు దొరకలేదు, తర్వాత వాన, ఆ తర్వాత పరీక్షలు. ఒక గడి పక్కకి తప్పుకునేసరికి దాని వెనకవన్నీ గందరగోళమైపోయాయి. క్యాంప్ తేదీ మాత్రం ముందే బుక్ చేశాం కాబట్టి అది కదల్లేదు.

దాంతో స్టవ్ వెలిగించడం నేర్పాల్సిన మీటింగు క్యాంప్ అయిపోయిన తర్వాతి వారానికి పోయింది. క్యాంప్‌లో మొదటి సాయంత్రం, చీకటి పడుతోంది, ఆరుగురు పిల్లలు స్టవ్ చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని అగ్గిపెట్టె చేతులు మార్చుకుంటూ నా మొహం చూస్తున్నారు. ఎవరికీ రాదు. నేర్పనిది వాళ్లకెలా వస్తుంది? ఆ చూపులు నాకింకా గుర్తున్నాయి.

ఈసారి అలా కాకూడదు. మీరు ఏడాది మొత్తం ఒకేసారి వేస్తారా, మూడు నెలలకోసారా? పిల్లల్ని అడుగుతారా, అడిగితే ఎంతవరకు?

రీఫ్‌నాట్
48కి 48 నింపడం దగ్గరే తేడా కొట్టింది. ఊపిరి తీసుకునే చోటే లేదు అందులో.

పాత_విజిల్
రీఫ్‌నాట్ చెప్పింది నిజం, కానీ దానికన్నా ముందు ఇంకో పని ఉంది. అసలు మీకు ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టారా? ఏడాదికి 52 అని అందరికీ తెలుసు. అందులోంచి పరీక్షలు, వాటి ముందు వారం, పెద్ద సెలవులు, ఊళ్లకి వెళ్లే రోజులు, హాలు దొరకని రోజులు కొట్టేస్తూ పోతే మా ట్రూప్‌కి 36 మిగిలాయి. ఆ 36లో కూడా 28 మాత్రమే రాస్తాం, 8 ఖాళీగా వదిలేస్తాం. ఏదన్నా వెనకబడితే ఆ ఖాళీలోకి తోస్తాం, దాని వెనకవి కదలవు. ఏదీ వెనకబడకపోతే ఆ వారం పెట్రోల్స్‌కి ఇచ్చేస్తాం, వాళ్లిష్టం.

రెండోది, క్యాంప్ నుంచి వెనక్కి నడవండి. మీరు జనవరి నుంచి ముందుకి రాసుకుంటూ వెళ్లి ఉంటారు, చాలామంది అలాగే చేస్తారు. నేను ముందు క్యాంప్ తేదీ రాస్తాను. ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి పిల్లవాడు బస్సు దిగాక ఏమేం చేతనవ్వాలి అని ఆలోచిస్తాను. టెంట్ వేయాలి, స్టవ్ వెలిగించాలి, కత్తి జాగ్రత్తగా పట్టుకోవాలి, కాలు బెణికిన తోటివాడికి కట్టు కట్టాలి, తన బ్యాగ్ తనే సర్దుకుని మొయ్యాలి. టెంట్ ఎనిమిది వారాల ముందు మొదలుపెడతాను, స్టవ్ ఆరు వారాల ముందు, బ్యాగులు వేసుకుని ఒక్కరోజు హైక్ అయిదు వారాల ముందు. రెండు వారాల ముందు ఒక సాయంత్రం మీటింగ్ గ్రౌండ్‌లోనే అన్నీ కలిపి ఒకసారి. అప్పుడే బయటపడుతుంది ఏ టెంట్‌కి మేకులు తక్కువున్నాయో.

ఇంకోటి. ఏ నైపుణ్యమైనా ఒక్కసారి నేర్పితే ఉండదు. బోలైన్ ముడి నేర్పిన వారం అందరికీ వస్తుంది, నెల తర్వాత అడిగి చూడండి. కాబట్టి ముఖ్యమైనవి క్యాలెండర్‌లో కనీసం రెండుసార్లు రావాలి, రెండోసారి ఆటలో రావాలి.

గుడారం_మేకు
ఎనిమిది ఖాళీలంటే మొదట ధైర్యం చాలలేదు కానీ, లెక్కపెట్టి చూశాను. మాకు వచ్చేది 37. అంటే పోయిన ఏడాది లేని వారాలు 11 రాశాను.

ఇద్దరు_కబ్స్_అమ్మ
నేను లీడర్‌ని కాదు, పేరెంట్‌ని. మా వైపు మాట కూడా ఒకటి వినండి. నాకు 36 వారాల్లో ఏం చేస్తారో అక్కర్లేదు. నాలుగే నాలుగు తేదీలు కావాలి, క్యాంప్, పెద్ద హైక్, దీక్షా కార్యక్రమం, సెలవు ఎప్పుడని. అవి ఏడాది మొదట్లో చెప్తే పెళ్లిళ్లయినా ప్రయాణాలైనా దాన్నిబట్టి చూసుకుంటాం. శనివారం హైక్‌కి గురువారం రాత్రి అనుమతి పత్రం పంపిస్తే సంతకం పెట్టడానికి ఇంట్లో ఎవరూ ఉండరు, పిల్లవాడు ఏడుస్తాడు, మీకేమో మేం సహకరించట్లేదనిపిస్తుంది. పోయిన ఏడాది మా చిన్నవాడికి అలాగే అయింది. బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

పరీక్షల సంగతి కూడా. మీరు ఒక స్కూల్ టైమ్‌టేబుల్ చూసుకుంటారు, పిల్లలు నాలుగు స్కూళ్ల నుంచి వస్తారు. ఒక్కసారి మమ్మల్ని అడిగితే ఆ టెన్షన్ సగం పోతుంది.

పాత_విజిల్
మేడం చెప్పింది నేను కూడా పాటించాలి. మేం తేదీలు ఇస్తాం కానీ పరీక్షలు అడగం, మాకు మేమే ఊహించుకుంటాం.

చుక్కలరాత్రి
తేదీలు వేసేటప్పుడు పక్కన చంద్రుణ్ణి కూడా పెట్టుకోండి. చాలా ట్రూప్స్ ఇది మర్చిపోతాయి. నక్షత్రాలు చూపించాలని మేం ఒక రాత్రి పెట్టాం, పిల్లలంతా దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు, చూస్తే నిండు పౌర్ణమి. నాలుగు చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. చుక్కలకి అమావాస్య అటూ ఇటూ, నైట్ హైక్‌కి పౌర్ణమి అటూ ఇటూ. వెన్నెల్లో దారి కనబడుతుంది, కొత్త పిల్లలకి భయం తగ్గుతుంది.

పోయిన ఏడాది తేదీని ఈ ఏడాదికి అలాగే దించుకుంటే కుదరదు. పన్నెండు చాంద్రమాసాలంటే 354 రోజులే, అందుకే అదే తేదీకి చంద్రుడు ప్రతి ఏడాదీ దాదాపు 11 రోజులు తేడాగా ఉంటాడు. ఉల్కలు చూపించాలనుకుంటే పెర్సీడ్స్ ఆగస్టు 12, 13 రాత్రుల చుట్టూ, జెమినిడ్స్ డిసెంబర్ 13, 14 చుట్టూ ఎక్కువగా రాలతాయి. ఆ రాత్రి చంద్రుడు ఎంతున్నాడో చూసుకుని, బాగా వెలుగుంటే ఆ ఏడాదికి వదిలేయడమే.

రీఫ్‌నాట్
ఇది నాకు కొత్త. మా నైట్ హైక్ తేదీ ఇప్పుడే చూశాను, అమావాస్యకి ముందు రోజు 😬 మార్చాలి.

దిక్సూచి
అందరూ మంచి మాటలే చెప్తున్నారు కానీ గుడారం_మేకు గారి చివరి ప్రశ్నకి ఎవరూ రాలేదు. పిల్లల్ని అడుగుతారా అని. నా దృష్టిలో అసలు విషయం అదే. మీరూ మీ అసిస్టెంటూ కూర్చుని రాశారు, గోడకి అంటించారు. ఆ కాగితాన్ని పిల్లలెవరైనా దగ్గరికెళ్లి చదివారా? అది మీ క్యాలెండర్, వాళ్లది కాదు. పెట్రోల్ సిస్టమ్ అని మనం రోజూ చెప్తాం, ప్లాన్ దగ్గరికొచ్చేసరికి పెన్ను మన చేతిలోనే ఉంచుకుంటాం.

మేం చేసేది చెప్తాను. ముందు ప్రతి పెట్రోల్ విడిగా కూర్చుంటుంది, పెట్రోల్ ఇన్ కౌన్సిల్. ప్రతి పిల్లా ఒక్కో చీటీ రాయాలి, కొత్తగా చేరిన పదేళ్ల పిల్ల కూడా. అందులోంచి అయిదు తీసుకుని పెట్రోల్ లీడర్, లీడర్లందరూ కలిసి కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌కి తెస్తాడు. అక్కడ నేలమీద పెద్ద చార్ట్ పరుస్తాం. మార్చలేనివి, అంటే పరీక్షలు, సెలవులు, క్యాంప్ బుకింగ్, నేను ముందే నల్ల స్కెచ్‌పెన్‌తో రాసేస్తాను. మిగతాది వాళ్లే చీటీలు పెట్టుకుంటూ, తీస్తూ, పోట్లాడుకుంటూ నింపుతారు. నేను పక్కన కూర్చుంటాను. ఒక్కో చీటీకి మూడే ప్రశ్నలు వేస్తాను: ఎంతవుతుంది, ఎవరు నడుపుతారు, పెద్దవాళ్లు ఎంతమంది కావాలి. మూడింటికీ జవాబు ఉంటేనే చీటీకి జిగురు.

రెండు గంటలు పడుతుంది. మీరు పెట్టిన రెండు ఆదివారాలకన్నా తక్కువే.

పక్కా_ప్లాన్
దిక్సూచి గారూ, వినడానికి బావుంది, చేసి చూశాను, నాకు కుదరలేదు. చీటీలు రాయమంటే మూడు పెట్రోల్స్ "ఆటలు" అని రాశాయి, నాలుగోది "ఫుట్‌బాల్" అని రాసింది. 26 చీటీల్లో ప్రథమ చికిత్స అని ఒక్కరూ రాయలేదు. మ్యాప్ చదవడం ఎవరూ రాయలేదు. వాళ్లు రాయలేదని నేను నేర్పడం మానెయ్యాలా? రేపు హైక్‌లో ఒకడు కిందపడితే? పిల్లలకి తెలియని దాన్ని వాళ్లు కోరుకోలేరు. క్యాలెండర్ పెద్దవాళ్లే వేయాలి, అందులో ఏ ఆట ఆడాలో పిల్లలు ఎంచుకోవాలి. ఇంతకన్నా ఎక్కువ వదిలేస్తే బ్యాడ్జ్ పని సగంలో ఆగిపోతుంది, ఏడాది చివర తల్లిదండ్రులు అడిగేది నన్నే.

జమాఖర్చు
ఈ పెట్రోల్ లీడర్, పెట్రోల్ చీటీ అన్న మాటలు మా ఆవిడ పక్కనుంచి చూసి బంక్ ఏమన్నా పెడుతున్నారా అని అడిగింది 😀

రీఫ్‌నాట్
😂😂

దిక్సూచి
పక్కా_ప్లాన్ గారూ, మాకూ మొదటి ఏడాది చీటీల్లో అవే వచ్చాయి. తప్పు ప్రశ్నలో ఉంది. "ఏం చేద్దాం" అని అడిగితే ఎవరికైనా అప్పటికి గుర్తున్నదే వస్తుంది. రెండో ఏడాది ప్రశ్నలు మార్చాం. మీ పెట్రోల్ ఇప్పటిదాకా రాత్రిపూట చేయనిది ఏంటి? పెద్దవాళ్లెవరూ చెయ్యి వేయకుండా మీ ఏడుగురే పూర్తిచేయాలంటే ఏం చేస్తారు? పోయిన ఏడాది దేంట్లో మీకు చేతకాలేదు? మూడో ప్రశ్నకి ఒక పన్నెండేళ్ల అమ్మాయి రాసిన చీటీ నా దగ్గర ఇంకా ఉంది: "తమ్ముడికి ముక్కులోంచి రక్తం వచ్చింది, నాకేం చేయాలో తెలీలేదు." దాని పక్కన ప్రథమ చికిత్స అని కూడా రాయలేదు, రాయక్కర్లేదు. ఆ వారం మేం తల ముందుకి వంచి ముక్కు మెత్తటి భాగం పది నిమిషాలు పట్టుకోవడం నేర్పాం. తల వెనక్కి వంచాలని అప్పటిదాకా సగంమంది అనుకుంటున్నారు. ఆ మీటింగుకి వచ్చినంత శ్రద్ధగా వాళ్లు దేనికీ రాలేదు.

పక్కా_ప్లాన్
ప్రశ్న మార్చడం వరకు ఒప్పుకుంటాను, ఈసారి అలా అడుగుతాను. కానీ మ్యాప్, ప్రథమ చికిత్స, నిప్పు, కత్తి, ఈ నాలుగూ నా నల్ల స్కెచ్‌పెన్‌లోనే ఉంటాయి. ఎవరూ కోరకపోయినా ఉంటాయి. కబ్స్, అంటే స్కౌట్స్ కన్నా చిన్నవాళ్ల విషయంలో అయితే అస్సలు మారను. ఎనిమిదేళ్ల పిల్లల ముందు ఖాళీ చార్ట్ పెట్టడం అన్యాయం. వాళ్లకి మూడు చూపించి ఒకటి ఎంచుకోమంటాను.

దిక్సూచి
కబ్స్‌కి మీ మాటే సరి. మేం కూడా అంతే చేస్తాం.

పదిహేడేళ్లు
నేను పదేళ్లప్పుడు చేరాను, ఇప్పుడు చిన్నవాళ్లకి నేర్పుతున్నాను. ఒకటి చెప్పాలి. మీరందరూ ఒక ఏడాది గురించి మాట్లాడుతున్నారు, మేం అక్కడ అయిదేళ్లు ఉంటాం. నాకు క్లవ్ హిచ్ ముడి ప్రతి ఏడాదీ మార్చి నెలలో నేర్పారు, అదే తాడు, అదే బెంచీ. మూడో ఏడాదికి నాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. స్కౌటింగ్ ఇష్టం లేక కాదు, వచ్చినదాన్నే మళ్లీ కూర్చుని వినలేక. నేను ఎందుకు ఉన్నానంటే ఆ ఏడాది మా మాస్టారు నన్ను పిలిచి కొత్తవాళ్లకి నువ్వే నేర్పు అన్నారు. ఆ రోజు నాకు చేతులు చెమట పట్టాయి, ఇంటికెళ్లి రెండు గంటలు ప్రాక్టీస్ చేశాను.

కాబట్టి క్యాలెండర్‌లో ప్రతి మీటింగుకీ పక్కన ఇంకో గడి పెట్టండి, ఇప్పటికే వచ్చినవాళ్లు ఆ వారం ఏం చేస్తారు అని. కొత్తవాళ్లు స్క్వేర్ లాషింగ్, అంటే రెండు కర్రల్ని అడ్డంగా తాడుతో కట్టడం నేర్చుకుంటుంటే పెద్దవాళ్లు అదే కర్రలతో ఒక మనిషి దాటే వంతెన కట్టొచ్చు.

పాత_విజిల్
ఈ ఒక్క పోస్టు కోసం ఈ చర్చ మొత్తం చదవొచ్చు. నేను ఇన్నేళ్లుగా ఏడాది ఏడాదికీ విడిగా వేస్తున్నాను. పోయిన రెండేళ్ల క్యాలెండర్లు బయటకి తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను ఇవాళే.

జమాఖర్చు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తాలి. ఖర్చయ్యే కార్యక్రమాలన్నీ ఒకే మూడు నెలల్లో పడితే చందా కట్టలేని ఇళ్ల పిల్లలు చెప్పకుండా మానేస్తారు. "ఒంట్లో బాలేదు" అని కబురొస్తుంది, అసలు కారణం తర్వాతెప్పుడో తెలుస్తుంది. మేం క్యాలెండర్ మీద ఒక్కో కార్యక్రమం పక్కన చుక్కలు పెడతాం, ఖర్చు లేనిదానికి ఏమీ లేదు, కొంచెం అయితే ఒకటి, ఎక్కువైతే మూడు. ఒకే నెలలో నాలుగు చుక్కలు దాటితే ఏదో ఒకటి వేరే నెలకి జరపాలి. క్యాంప్ ఫీజు నాలుగు విడతల్లో తీసుకుంటాం, మొదటి విడత ఆరు నెలల ముందు. ఇంకా కష్టమైనవాళ్లకి ట్రూప్ ఫండ్ నుంచి కడతాం, అది నాకూ మాస్టారుకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇద్దరు_కబ్స్_అమ్మ
చుక్కల పద్ధతి మా గ్రూప్‌లో చెప్తాను. విడతలు కూడా.

కొండదారి
హైక్ తేదీ వేసేటప్పుడు ఎంతసేపు పడుతుందో కూడా క్యాలెండర్‌లోనే రాయండి, ఎందుకంటే పగలు ఎంతసేపుంటుందన్నది నెలని బట్టి మారుతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ అందరం వాడతాం: గంటకి 5 కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 10 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు అంటే రెండున్నర గంటలు. అయితే ఇది గట్టిగా నడిచే పెద్దవాళ్ల లెక్క, ఆగడాలు అందులో లేవు. పదేళ్ల పిల్లలతో నేను దాన్ని రెట్టింపు చేస్తాను. అయిదు గంటలు. పొద్దున్న పదింటికి బయల్దేరితే మూడు. పగలు తక్కువుండే నెలల్లో అంతకన్నా పొడుగుది పెట్టను.

పిడుగుల కాలంలో పెట్టేవాటికి ప్లాన్ బీ కూడా అదే గడిలో రాయాలి. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే లోపలికి వెళ్లిపోవాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పిల్లలు 20 మంది ఉన్నప్పుడు ఆ "లోపల" ఎక్కడో ముందే తెలిసుండాలి. పెద్దవాళ్లు కనీసం ఇద్దరు, ఎప్పుడూ. రెండో మనిషి దొరకని తేదీ తేదీయే కాదు.

రీఫ్‌నాట్
ప్రత్యేక దినాల సంగతేంటి? మా దగ్గర ఎవరో ఒక లిస్ట్ పంపారు, ఏడాదికి నలభై దినాలున్నాయి. అవన్నీ పెడితే ఇంకేం మిగలదు.

పాత_విజిల్
మేం మూడే పెడతాం. ఫిబ్రవరి 22, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్, ఆయన భార్య ఒలేవ్ ఇద్దరి పుట్టినరోజూ అదే. ఆగస్టు 1 స్కార్ఫ్ డే, దానికి మీటింగే అక్కర్లేదు, ఆ రోజు స్కార్ఫ్ వేసుకుని తిరిగితే చాలు, పాతవాళ్లు కూడా బీరువాలోంచి తీస్తారు. 1907 ఆగస్టు 1నే ఇంగ్లాండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొట్టమొదటి స్కౌట్ క్యాంప్ మొదలైంది. అక్టోబర్ మూడో వారాంతం జోటా-జోటీ, రేడియోలోనూ ఇంటర్నెట్‌లోనూ వేరే దేశాల స్కౌట్స్‌తో మాట్లాడతారు. దీనికి మాత్రం ముందు నుంచీ సిద్ధమవ్వాలి, రేడియో ఉన్నవాళ్లని పట్టుకోవాలి.

దిక్సూచి
ఆ బ్రౌన్‌సీ క్యాంప్ ప్లాన్ చూసినా మనకి పనికొచ్చేది ఉంది. 20 మంది పిల్లలు, నాలుగు పెట్రోల్స్, రోజుకి ఒక్క అంశం. ఒకరోజు క్యాంప్ పనులు, ఒకరోజు పరిశీలన, ఒకరోజు ప్రాణరక్షణ అలా. మేం నెలకి ఒక్క అంశం పెడుతున్నాం అదే దారిలో. పరిశీలన నెల అనుకుంటే ఆట కూడా జాడలు వెతికేదే, హైక్ కూడా దానికోసమే.

గుడారం_మేకు
పది రోజుల తర్వాత వస్తున్నాను. నిన్న మా కోర్ట్ ఆఫ్ ఆనర్ అయింది. దిక్సూచి గారి మూడు ప్రశ్నలు పంచాను, 26లో 23 చీటీలు వచ్చాయి. పరీక్షల తేదీలు ముందే పేరెంట్స్‌ని అడిగాను, ఐదు స్కూళ్లు తేలాయి, నేను అనుకున్న క్యాంప్ వారం ఒక స్కూలుకి సరిగ్గా పరీక్షల మధ్యలో పడుతోంది. వేరే వారానికి జరిపాను.

చార్ట్ నేలమీద పరిచాక నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని తెలీదు. మొదటి అరగంట నావైపే చూశారు, తర్వాత మర్చిపోయారు. వంతెన పెట్టారు, మూడు చుక్కలది ఒకటి వాళ్లే తీసేశారు. మ్యాప్ చీటీ ఒక్కటే వచ్చింది, అది నల్ల పెన్‌తో నేనే రెండుసార్లు రాశాను, పక్కా_ప్లాన్ గారి మాట మీద.

స్టవ్ చీటీలు నాలుగొచ్చాయి, నాలుగూ ఆ సాయంత్రం మోకాళ్ల మీద కూర్చున్న పెట్రోల్ నుంచే. క్యాంప్‌కి ఆరు వారాల ముందు ఒకసారి, రెండు వారాల ముందు చీకట్లో ఇంకోసారి అని వాళ్ల పెట్రోల్ లీడరే రాశాడు. నడిపేది ఎవరు అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు.

పదిహేడేళ్లు
చీకట్లో పెట్టడం భలే ఆలోచన. టార్చ్ పట్టుకునేవాడికి విడిగా పని చెప్పమనండి, మా దగ్గర అందరూ స్టవ్ దగ్గరికి చేరి టార్చ్ ఎవరూ పట్టుకోలేదు.

పాత_విజిల్
ఖాళీ వారాలు ఎన్ని వదిలారు?

గుడారం_మేకు
ఎనిమిది వదిలాను మాస్టారూ. ఇప్పుడు ఏడున్నాయి, ఒకదాంట్లో నైట్ హైక్ పెట్టేశారు. పౌర్ణమి చూసుకునే పెట్టారు.